ఆ తల్లి రాయని ఒక్క వాక్యం: మిశ్రజాతి కథల్లో తల్లీకూతుళ్ళ గురించి

నీలిసిరా
అందరికీ నమస్కారం. ఎమ్మే ఇంగ్లీషు చివరి సంవత్సరం నాది. ఈ సెమిస్టర్లో ఒక పేపరు మొత్తం మిశ్రజాతి పాత్రల మీదే ఉంది. పాఠాలు మూడు. కేట్ షోపాన్ 1893లో అచ్చేసిన చిన్న కథ ‘డిజైరేస్ బేబీ’, నెల్లా లార్సెన్ నవల ‘పాసింగ్’ (1929), ఏమీ టాన్ ‘ది జాయ్ లక్ క్లబ్’ (1989)లో లీనా సెయింట్ క్లెయిర్ చెప్పే భాగం.

నేను రాసిన సెమినార్ పేపరు సారాంశం ఇదీ: ఈ మూడింట్లోనూ తల్లులు నిజం దాచిపెడతారు, ఆ దాచినదాని బరువు పిల్లలు మోస్తారు. పద్నాలుగు పేజీలు రాశాను. సార్ అంతా చదివి చివరి పేజీ మార్జిన్లో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి తిరిగిచ్చేశారు: ‘ఆ తల్లికి ఇంకో దారి ఏముంది?’ మార్కులు వెయ్యలేదు. మళ్ళీ రాసుకురమ్మన్నారు.

రెండు రోజుల నుంచీ ఆ పెన్సిల్ గీతలే చూస్తూ కూర్చున్నాను. దారి లేదనుకుంటే నా వాదన మొత్తం కూలిపోతుంది. ఉందనుకుంటే అదేమిటో చెప్పాలి. మీలో ఎవరైనా ఇవి చదివినవాళ్ళుంటే కాస్త సాయం చెయ్యండి. వచ్చే శుక్రవారానికి ఇవ్వాలి, బాగా టెన్షన్‌గా ఉంది.

మధ్యలోవాడు
నేను మిగతా రెండూ చదివాను, షోపాన్ కథ చదవలేదు. నాలుగు ముక్కల్లో చెప్తారా?

నీలిసిరా
లూసియానాలో బానిసత్వం నడుస్తున్న కాలం. డిజైరే దొరికిన పిల్ల. వాల్మొండే దంపతుల ఇంటి గేటు దగ్గర రాతిస్తంభం నీడలో నిద్రపోతుంటే పెద్దాయన చూశాడు. పిల్లలు లేని ఆ ఇల్లాలు కూతురిలా పెంచుకుంది. పెద్దయ్యాక పక్క తోట యజమాని ఆర్మాండ్‌తో పెళ్ళి. అమ్మానాన్నలెవరో తెలియదని ముందే చెప్పారు, అతను పట్టించుకోలేదు. కొడుకు పుట్టాడు. మూడు నెలలు తిరిగేసరికి పిల్లాడు తెల్లవాడు కాడని బయటపడింది. ఆర్మాండ్ నేరం భార్య మీదికి తోసేశాడు. నువ్వూ తెల్లదానివి కాదన్నాడు.

డిజైరే తల్లికి ఉత్తరం రాస్తుంది. నేను తెల్లదాన్ని కానంటున్నారు, అది నిజం కాదని వీళ్ళకి చెప్పమ్మా అని. జవాబు వస్తుంది: ఇంటికి వచ్చెయ్, నిన్ను ప్రేమించే అమ్మ దగ్గరికి వచ్చెయ్, బిడ్డనీ తీసుకురా. అంతే. డిజైరే బిడ్డనెత్తుకుని బయల్దేరుతుంది. పుట్టింటివైపు మాత్రం వెళ్ళదు. నీటి పాయ ఒడ్డున రెల్లు గుబుర్లలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఆఖర్న ఆర్మాండ్ ఆమె వస్తువులన్నీ మంటల్లో వేయిస్తుంటే, సొరుగులో అతని తల్లి తన భర్తకి రాసిన పాత ఉత్తరం దొరుకుతుంది. నల్లజాతి రక్తం ఉన్నది ఆవిడకి. అంటే ఆర్మాండ్‌కి.

పాతపాఠం
అమ్మా నీలిసిరా, ఇరవై ఎనిమిదేళ్ళు ఈ సాహిత్యమే చెప్పి రిటైరయ్యాను. మీ సార్ పెన్సిల్‌తో రాసిన ప్రశ్న సాహిత్యం కన్నా ముందు చట్టానిది. అక్కణ్ణించి పట్టుకో.

ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డ స్థితి తండ్రిని బట్టి నిర్ణయమయ్యేది. వర్జీనియా వలసలో ఎలిజబెత్ కీ అనే మిశ్రజాతి స్త్రీ, మా నాన్న ఇంగ్లీషువాడు కాబట్టి నేను స్వతంత్రురాలిని అని కోర్టుకెక్కి 1656లో గెలిచింది. దొరలకి ఇది మింగుడుపడలేదు. 1662లో కొత్త చట్టం వచ్చింది: బిడ్డ బానిసా కాదా అన్నది తల్లి స్థితిని బట్టే. దాని ఫలితం చూడు. యజమాని బానిస స్త్రీకి బిడ్డను కంటే ఆ బిడ్డకి తండ్రి అని ఒకడుండనక్కర్లేదు. ఆస్తి ఖాతాలో మాత్రం ఒక తల పెరుగుతుంది.

అంటే అమెరికాలో బిడ్డ ఎవరో చెప్పే కాగితం తల్లే అయింది. ఆ కాగితాన్ని దాచడం మోసమవుతుందా, కాపుదల అవుతుందా? ఒకే పని, పేర్లు రెండు. నీ పద్నాలుగు పేజీల్లో మొదటి పేరొక్కటే కనపడి ఉంటుంది మీ సార్‌కి.

1662 నుంచి 1967 దాకా ఒక గీత గీసుకో. 1967లో లవింగ్ కేసులో జాత్యంతర వివాహాల మీద నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అదీ వర్జీనియా నుంచి వచ్చిన కేసే. నీ మూడు పాఠాల్లో రెండు ఆ గీత మధ్యలోనే పుట్టాయి.

మధ్యలోవాడు
మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. అన్నిటికీ చట్టాన్ని అడ్డం పెడితే పాత్రలు చేసిన తప్పులు ఎవరి ఖాతాలో వెయ్యాలి? ‘పాసింగ్’లో క్లేర్ కెండ్రీ సంగతి తీసుకోండి. చట్టం తరిమితే పోలేదావిడ. డబ్బూ హోదా కావాలనుకుంది, నల్లజాతి మనిషై ఉండీ తెల్లదానిలా ఒక తెల్లవాణ్ణి పెళ్ళి చేసుకుంది. వాడేమో నల్లవాళ్ళ పేరెత్తితేనే మండిపడే రకం. కూతురు మార్జరీ కడుపులో ఉన్నన్నాళ్ళూ, పిల్ల నల్లగా పుడుతుందేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతికానని క్లేర్ తన నోటితోనే చెప్తుంది. ఇంకో బిడ్డ వద్దే వద్దంటుంది. ఆ పిల్లనేమో స్విట్జర్లాండులో బడికి పంపేస్తారు.

నాకైతే నీలిసిరా గారు మొదట రాసిందే సగం రైటనిపిస్తుంది. క్లేర్ కూతురికి అన్యాయమే చేసింది. ఆ తల్లికి దారుంది. చిన్ననాటి స్నేహితురాలు ఐరీన్‌కి ఉన్న దారే. ఐరీన్ కూడా తెల్లగానే ఉంటుంది కదా, అయినా హార్లెంలో నల్లవాళ్ళ మధ్యే కాపురం పెట్టుకుని పిల్లల్ని పెంచుకుంటోంది.

నీలిసిరా
క్లేర్ ఆ మాట అనే టీ సన్నివేశం నేనూ పేపర్లో వాడాను. ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని, పిల్లలు ఏ రంగులో పుడతారో అన్న భయం గురించి మాట్లాడుకుంటారు. ఐరీన్ కాక మిగతా ఇద్దరూ, నల్లపిల్లలు ఎవరికి కావాలి అన్నట్టుగా మాట్లాడేస్తారు. అప్పుడు ఐరీన్, మా అబ్బాయిల్లో ఒకడు నల్లగానే ఉంటాడని చెప్తుంది. ఆ గదిలో ఒక్క క్షణం ఎవరికీ మాట రాదు.

కానీ ఐరీన్ నిజాయితీపరురాలు అని రాయలేకపోతున్నాను మధ్యలోవాడు గారూ. ఇంట్లో జాతి గొడవల గురించి భర్త పిల్లలకి చెప్పబోతే ఆవిడే అడ్డుపడుతుంది. అదీ దాపరికమే కదా?

మధ్యలోవాడు
అవును, అది మర్చిపోయాను. సరే, ఐరీన్‌ని వెనక్కి తీసుకుంటున్నా. క్లేర్ మీద నా మాట మాత్రం అదే.

అనువాదం_గోల
మీ చర్చలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది పక్కదారి గొడవ. ‘పాసింగ్’ని, అంటే నల్లజాతివాళ్ళు తెల్లవాళ్ళలా బతికెయ్యడాన్ని, తెలుగులో ఏమంటారు? కొన్నేళ్ళ కిందట ఒక వ్యాసం అనువదిస్తూ వారం రోజులు ఈ ఒక్క మాట మీద కొట్టుకున్నాను. ‘వేషం వెయ్యడం’ అంటే నాటకం అయిపోతుంది. ‘నటించడం’ అంటే అబద్ధమనే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. చివరికి ‘చెలామణీ’ అని పెట్టాను. ఆమె తెల్లదానిగా చెలామణీ అయింది. ఈ మాటకి నాణెం వాసనుంది, అది నాకు నచ్చింది. నాణెం తనంతట తాను చెల్లదు కదా, తీసుకునేవాడు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. క్లేర్ భర్త ఒప్పుకున్నన్నాళ్ళూ ఆమె చెల్లింది.

ఇంకో సంగతి. దయచేసి ఎవరూ ‘సంకరజాతి’ అని రాయకండి. అది విత్తనాలకీ పశువులకీ వాడే మాట. ‘వర్ణసంకరం’ అసలొద్దు. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి నోట వచ్చే మాట అది. స్త్రీలు చెడితే వర్ణసంకరం అవుతుందని అక్కడే ఉంది. నేరం నేరుగా తల్లి మీదికి పోయింది చూశారా! ‘మిశ్రజాతి’ కాస్త గట్టిగా అచ్చులో మాటలా ఉన్నా, అందులో తిట్టు లేదు.

పాతపాఠం
చెలామణీ బాగా కుదిరింది నాయనా. క్లాసులో చెప్పిన రోజుల్లో ఈ మాట దొరికి ఉంటే ఎంత సుఖపడేవాణ్ణో.

పుటల_మధ్య
జీన్ రీస్ నవల ‘వైడ్ సర్గాసో సీ’ (1966) ఎవరూ తేలేదేం? తల్లి ఆనెట్, కూతురు ఆంటోనెట్. పిల్ల తల్లి నుదుటి మీద ముడతను చేత్తో సర్దబోతే తల్లి పక్కకి తోసేస్తుంది. తల్లీకూతుళ్ళ గురించి మాట్లాడాలంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

నీలిసిరా
అది మా సిలబస్‌లో వేరే పేపర్లో ఉందండీ. పైగా ఆంటోనెట్ మిశ్రజాతి కాదు, జమైకాలో పుట్టిన తెల్ల వలసదారుల బిడ్డ. అక్కడ ‘క్రియోల్’ అంటే ఆ నేల మీద పుట్టినవాళ్ళని. ఒక్కో చోట ఒక్కో అర్థం ఆ మాటకి. అటు నల్లవాళ్ళకీ ఇటు ఇంగ్లండు వాళ్ళకీ కాకుండా పోవడం మాత్రం అచ్చం ఇలాగే ఉంటుంది, నిజమే.

పుటల_మధ్య
ఒప్పుకున్నా. తోసేసిన ఆ చెయ్యి మాత్రం గుర్తు పెట్టుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది.

రెండు_దువ్వెనలు
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. నేను సాహిత్యం చదువుకోలేదు. మావారు నల్లజాతి అమెరికన్. మాకు ఒక్కతే కూతురు, పద్నాలుగేళ్ళు.

మీరందరూ తల్లి ఏం చెప్పింది, ఏం దాచింది అని మాట్లాడుతున్నారు. తల్లికే తెలియనిది ఉంటుంది, దాని సంగతేమిటి? పాపకి నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నాకు దువ్వినట్టే దువ్వేదాన్ని. పొడి జుట్టు మీద, మాడు దగ్గర్నుంచి కిందికి, సన్నపళ్ళ దువ్వెనతో. అది ఏడ్చేది. ఓర్చుకో, అందరం ఓర్చుకున్నవాళ్ళమే అనేదాన్ని. ఒకసారి మా అత్తగారు వచ్చి చూసి ఏమీ అనలేదు. దువ్వెన నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టారు. జుట్టంతా నీళ్ళతో తడిపి, కండిషనర్ రాసి, నాలుగు పాయలు తీసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వచ్చారు. పాప ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చుని నిద్రపోయింది. నాకు అటు సంతోషం, ఇటు ఏడుపు. నా కడుపున పుట్టిన పిల్ల తల నాకు తెలియలేదు.

బడి గేటు దగ్గర నన్ను ఆయా అనుకుని, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడిగినావిడ ఉంది. అది చిన్న విషయంలెండి. పిల్ల విన్నది. అది మాత్రం చిన్న విషయం కాదు.

అనువాదం_గోల
మేడమ్, ఇది చదివాక నా చెలామణీ గొడవ సిగ్గుగా ఉంది.

మధ్యలోవాడు
రెండు_దువ్వెనలు గారూ, డాంజీ సెన్నా రాసిన ‘కకేషియా’ (1998) మీరు చదవాలి. 1970ల బోస్టన్. తల్లి తెల్లావిడ, తండ్రి నల్లవాడు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దది కోల్, చూస్తే నల్లపిల్ల. చిన్నది బర్డీ, తెల్లపిల్లలా ఉంటుంది. కోల్ జుట్టు ఏం చెయ్యాలో ఆ తల్లికి చేతకాదు. మీరు చెప్పిందే అది. తల్లిదండ్రులు విడిపోయాక పంపకాలు రంగు ప్రకారం జరుగుతాయి. నల్లగా ఉన్నదాన్ని తండ్రి బ్రెజిల్ తీసుకుపోతాడు. తెల్లగా ఉన్నదాన్ని తల్లి వెంటబెట్టుకుని ఊళ్ళు పట్టి తిరిగి, న్యూ హాంప్‌షైర్‌లో జెస్సీ గోల్డ్‌మన్ అనే యూదుల పిల్లగా చెలామణీ చేయిస్తుంది. (మాట వాడేశాను చూడండి.)

పాత కథల్లో దాచేది తల్లి, బయటపడేది పిల్ల. ఇక్కడ తల్లి తన సొంత భయం కోసం పిల్ల రంగుని ముసుగులా వాడుకుంటుంది. నేను క్లేర్ మీద కోపంగా ఉన్నది కూడా ఇందుకే.

నీలిసిరా
దువ్వెనలు మేడమ్ రాసింది చదివాక లీనా అధ్యాయం మళ్ళీ తీశాను. తల్లి యింగ్‌యింగ్ చైనా ఆవిడ, తండ్రి తెల్ల అమెరికన్. ఆవిడని దేశంలోకి తెచ్చేటప్పుడు ఆయనే కాగితాలు నింపుతాడు. పేరు బెట్టీ అని రాసేస్తాడు, పుట్టిన సంవత్సరం 1914 బదులు 1916 అని వేస్తాడు. ఒక్క కలం పోటుతో పేరు పోయింది, చైనా లెక్కలో పులి సంవత్సరం పోయి డ్రాగన్ సంవత్సరం అయింది. మాస్టారు చెప్పిన కాగితం ఇక్కడ తల్లి చేతిలో కూడా లేదు!

లీనా చిన్నప్పుడు కళ్ళు గుండ్రంగా కనపడాలని కణతల దగ్గర లోపలికి నొక్కుకునేది. ఇంట్లో తల్లి చైనీసు, తండ్రి ఇంగ్లీషు, మధ్యలో దుబాసీ ఈ పిల్లే. పుట్టిన తమ్ముడు చనిపోతే ఆసుపత్రిలో తల్లి తన మీద తనే నేరం వేసుకుని ఏదేదో పలవరిస్తుంది. ఏమంటోంది అని తండ్రి అడుగుతాడు. లీనా నిజం చెప్పలేదు. బిడ్డ అవతలి లోకంలో సుఖంగా ఉండాలంటోంది, మనల్ని వెళ్ళి భోంచెయ్యమంటోంది అని కల్పించి చెప్తుంది.

నా పేపర్లో ‘తల్లులు దాస్తారు’ అని రాశాను. ఇక్కడ దాచింది కూతురు. చిన్నపిల్ల. పద్నాలుగు పేజీల్లో ఈ సంగతి ఒక్క లైను కూడా రాయలేదు నేను.

రెండు_దువ్వెనలు
మా పాప కూడా చేస్తుంది ఆ పని. గేటు దగ్గర జరిగింది వాళ్ళ నాన్నకి చెప్పలేదు. నాకోసం.

పాతపాఠం
మేడమ్ గారూ, ఇది నేను ఏ పుస్తకంలోనూ చదివి చెప్పలేకపోయిన పాఠం.

నీలిసిరా, ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. అమెరికా జనాభా లెక్కల్లో ‘ములాటో’ (తెల్ల, నల్ల కలిసినవాళ్ళు) అనే గడి 1850లో వచ్చింది. 1930లో తీసేశారు. అది ‘పాసింగ్’ అచ్చయిన మరుసటి ఏడు. ఆ తర్వాత ఒక్క చుక్క రక్తం ఉన్నా నల్లవాడి కిందే రాయమన్నారు. ఒకటికి మించిన గళ్ళలో టిక్కు పెట్టుకునే వీలు 2000లో గానీ రాలేదు. క్లేర్‌కి దారుంది అంటున్న మధ్యలోవాడు గారిని అడుగుతున్నా: మార్జరీని ఏ గడిలో రాయమంటారు? రెంటికీ మధ్య గది లేని ఇంట్లో, తలుపు ఇటు వేసినా అటు వేసినా బిడ్డ ఒకవైపే మిగులుతుంది. క్లేర్ మంచిదని నేననను. స్వార్థపరురాలే. అయితే స్వార్థం లేని తల్లి ఉన్నా ఆ ఇంట్లో గదులు అన్నే.

మధ్యలోవాడు
మాస్టారూ, రాత్రి షోపాన్ కథ చదివాను. చిన్నదే, అరగంట కూడా పట్టలేదు. తర్వాత నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని చోటు ఒకటుంది. వాల్మొండే ఇల్లాలు బిడ్డని చూసి నాలుగు వారాలైంది, మళ్ళీ చూడటానికి వస్తుంది. చూడగానే ఉలిక్కిపడుతుంది. డిజైరే మాత్రం, ఎంత పెరిగిపోయాడో కదమ్మా అని మురిసిపోతూ ఉంటుంది. పెద్దావిడ బిడ్డని ఎత్తుకుని, వెలుతురు బాగా ఉన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తేరిపార చూస్తుంది. ఆ వెంటనే దాది ముఖంలోకి చూస్తుంది. దాది అటు పొలాలకేసి తిరిగి ఉంటుంది. అవును, బిడ్డ మారాడు అంటుంది పెద్దావిడ నెమ్మదిగా. ఆ తర్వాత అడిగే మొదటి ప్రశ్న: ఆర్మాండ్ ఏమంటున్నాడు?

డిజైరేకి అనుమానం తగిలేసరికి బిడ్డకి మూడు నెలలు. అంటే దాదాపు రెండు నెలలు ముందుగా ఆ తల్లికి తెలుసు. ఏదో ఒక రోజు ఉత్తరం వస్తుందనీ తెలిసే ఉంటుంది. రెండు నెలలు టైమున్న మనిషి రాసిన జవాబు అది. తొందరలో రాసింది కాదు. కూతురు అడిగిన ప్రశ్నకి ‘కాదు’ అని రాస్తే అబద్ధమవుతుందేమోనని భయపడి ఉంటుంది. ‘అవును’ అని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఆ వాక్యమే వదిలేసి, వచ్చెయ్ అని రాసింది. ప్రేమంతా ఉంది అందులో. డిజైరే మాత్రం చదువుకున్నది లేని వాక్యాన్నే.

కథ ఆఖర్న తేలేదేమిటంటే, ‘కాదు’ అని రాసి ఉంటే అది అబద్ధమయ్యేదని చెప్పడానికి కథలో రుజువేమీ లేదు. డిజైరే అమ్మానాన్నలెవరో మనకి చివరిదాకా తెలియదు.

నీలిసిరా
దారుంది అన్నమాట. అది అబద్ధమో నిజమో తెలియని ఒక్క మాట.

మధ్యలోవాడు
అది రాసినా భర్త నమ్మడు కదా! మాస్టారు వచ్చి మళ్ళీ చట్టం చెప్తారు చూడండి.

పాతపాఠం
చెప్పను. భర్త కోసం అడగలేదు కదయ్యా ఆ పిల్ల. తన కోసం అడిగింది.

రెండు_దువ్వెనలు
నిన్న సాయంత్రం ఆ కథ మా పాపకి ఇచ్చాను. తల దువ్వుతుంటే చదువుకుంది. ఉత్తరం దగ్గర ఆగి, ఈ పెద్దావిడ తనే బండి కట్టించుకుని ఎందుకు వెళ్ళలేదమ్మా, ఉత్తరమెందుకు రాసింది అంది.

నీలిసిరా
మేడమ్, ఈ ప్రశ్న నా పేపర్లో పెట్టుకోవచ్చా? తనని అడిగి చెప్పండి.

రెండు_దువ్వెనలు
అడిగాను. పెట్టుకోమంది. పేరు రాయొద్దంది.